రేడియో దానియేలన్న

లోకంలో ఏది ఆగిపోయినా దానియేలన్న అడిగే ప్రశ్న ఒక్కటే: "రేడియో ఆన్ల ఉన్నదా?"

పాటలు పాడే రేడియో అనుకునేరు. ల్యాప్‌టాప్ పొట్టలో గోరంత వైర్‌లెస్ ముక్క ఒకటి ఉంటుంది. గోడకు వేలాడే రూటర్ డబ్బాతో గాలిలోనే మాట్లాడి నెట్ తెచ్చిపెట్టేది అదే. దాన్నే అన్న రేడియో అంటాడు. పాత ల్యాప్‌టాప్‌లకు దాన్ని ఆపడానికి ముందు అంచున ఒక బుల్లి స్విచ్, పక్కనే ఆవగింజంత లైటు ఉంటాయి. లైటు వెలిగితే రేడియో మేలుకున్నట్టు, వెలగకపోతే పడుకున్నట్టు. అన్న వేదాంతం మొత్తం ఆ ఆవగింజలోనే ఉంది.

"రెండు తీర్ల నిద్రలుంటయి తమ్మీ," అని నేను పనిలో చేరిన రోజే ఉపదేశం చేశాడు. "ఒకటి కునుకు. తెర మీద నొక్కితె లేస్తది. రెండోది చేత్తోని ఆపిన నిద్ర. దాన్ని చేత్తోనే లేపాలె. తెర మీద తలకాయ కొట్టుకున్నా లేవది. గందుకే ముందుగాల లైటు చూడాలె. లైటు చూడకుండ మిషిన్ మీద చెయ్యేసినోడు మనిషే కాదు."

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో కంప్యూటర్లు మొరాయించిన ప్రతి సర్కారు సెంటరుకూ వెళ్లి వాటిని దారిలో పెట్టడం మా ఉద్యోగం. నాది ప్రింటర్ల పని, బండి నడిపే పని. అన్నది నెట్ పని, వెనక కూర్చుని నా డ్రైవింగుకు వంకలు పెట్టే పని. ఆయన ఇల్లు స్టేషన్ ఘన్‌పూర్‌లో. పొద్దున నేను బండి మీద వెళ్లి ఇంటి ముందు హారన్ కొడితే, బయటికి వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగి, హెడ్‌లైటు వంక అనుమానంగా చూసి, అప్పుడు ఎక్కేవాడు.

ఇంట్లోనూ ఇదే వరస. మంజులక్క ఒకసారి అలిగి పొద్దుటి నుంచీ నోరు విప్పలేదు. ఇంకొక మొగుడైతే ఏం తప్పు చేశానా అని ఆలోచిస్తాడు. ఈయన పొయ్యి దగ్గరికి పోయి, "మంజులా, రేడియో ఆన్లనే ఉన్నదా?" అని అడిగాడు.

"ఆన్లనే ఉన్నది," అంది అక్క వెనక్కి తిరక్కుండానే. "నీకే సిగ్నల్ ఇస్తలేను."

అన్న ఎంత సంతోషించాడో! రోగం ఎక్కడుందో తెలిసిపోయింది కదా, ఇక మందు తేలిక అని, నాతో బండి తోలించి మల్లెపూలు కొనుక్కొచ్చాడు.

ఆయన పద్ధతి ప్రతిసారీ గెలిచేదని నేను అబద్ధం చెప్పను. భూపాలపల్లిలో ఒకచోట కిటికీ బయట జేసీబీ మోరీ కాలువ తవ్వుతోంది. తవ్విన గుంతలోంచి నల్లటి కేబుల్ ముక్క రెండుగా తెగి పైకి లేచి నిలబడింది. గుడ్డివాడికైనా కనిపిస్తుంది. దానియేలన్న మాత్రం ల్యాప్‌టాప్ ముందు వంగి ఆవగింజ కోసం వెతుకుతున్నాడు. చివరికి జేసీబీ డ్రైవరే పశ్చాత్తాపపడి లోపలికొచ్చాడు.

"సార్, ఏదో వైరు తెగినట్టున్నది."

"ఉండు బిడ్డా. ముందు రేడియో చూసుకోనియ్యి."

"వైరు తెగింది నేనే చూసిన సార్!"

"నువ్వు నీది చూసినవ్. నేను నాది చూడద్దా?"

ఇంకోచోట అసలు రేడియోనే లేని పాత డెస్క్‌టాప్ దొరికింది. దాన్ని పడుకోబెట్టి, లేపి, వెనక్కి తిప్పి ఎంతో సేపు వెతికాడు. లేదని తేలాక చాలా బాధపడ్డాడు. "పాపం, దీనికి పుట్టుకతోనే లేదు తమ్మీ," అని దాని నెత్తి నిమిరి వచ్చాడు.

అన్నకు ఒళ్లు మండే మాట ఒకటుంది. అది "సర్వర్ డౌన్." మూడు బస్సులు మారి వచ్చిన ముసలివాళ్లను ఆ రెండు ముక్కలతో వెనక్కి పంపేస్తారని ఆయన కడుపుమంట. ఆ మాట ఎవరు అన్నా కొట్లాటకు దిగేవాడు. "సర్వర్ డౌనంటవా? ఎక్కడున్నది సర్వర్? నువ్వు చూసినవా? అది పడంగ చూసినోడెవడన్న ఉంటే తోల్కరా. లేకుంటే లైటు చూపియ్యి!"

ఒకసారి నెట్ కంపెనీ వాళ్ల హెల్ప్‌లైనుకు ఫోన్ చేశాడు. అవతలి కుర్రాడికి ఈయన మాట నచ్చలేదు. "లైటు ఎలుగుతలేదు అంటే ఏంటండీ? కాస్త అర్థమయ్యే తెలుగులో చెప్పండి," అన్నాడు. అన్న స్పీకర్ ఆన్ చేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, నింపాదిగా కూర్చున్నాడు. "ఎలుగుతలేదు అంటే ఎలుగుతలేదు. మా అవ్వ గిట్లనే అన్నది, నేను గిట్లనే అంట. నువ్వు అర్థం చేసుకునేదాంక ఫోన్ పెట్ట. నాకు ఇయ్యాల వేరే పని లేదు." నిజానికి బోలెడు పని ఉంది. చివరికి ఆ కుర్రాడు తనంతట తానే "లైటు ఎలుగుతలేదని రాసుకున్నానండీ," అన్నాక గానీ వదిలిపెట్టలేదు. నాకైతే ఆ రోజు కడుపు నిండింది.

ఇన్ని చెప్పాను గానీ, నాకు చిరాకు తెప్పించే అలవాటు ఇంకొకటుంది. ల్యాప్‌టాప్ అంచు మీద వేలు పెట్టే ముందు ఆయన గదిలో ఎవరినీ ఉండనిచ్చేవాడు కాదు. "బిడ్డా, రెండు చాయ్ పట్టుకరాపో. అల్లం వెయ్యమను," అని ఆపరేటర్‌ను బయటికి తోలేవాడు. నన్ను ప్రింటర్ వైపు తిప్పేవాడు. వాళ్లు చాయ్‌తో వచ్చేసరికి నెట్ వస్తుండేది. "ఏమైందన్నా?" అంటే, "రేడియో పడుకున్నది. లేపిన," అనేవాడు. ఎందుకు పడుకుంది, ఎవరు పడుకోబెట్టారు అంటే చాయ్‌లో అల్లం తక్కువైందనేవాడు. చేసేది చిటికెన వేలి పని, దానికి ఇంత గోప్యమా అని నేను పళ్లు నూరుకునేవాణ్ని.

పోయిన వానాకాలం వడ్ల సీజన్‌లో కేసముద్రం అవతలి ఒక ఊరి నుంచి ఫోన్ వచ్చింది. ఊరి పేరు చెప్పను, మళ్లీ పోవాల్సిన ఊరు. అక్కడి వడ్ల కొనుగోలు కేంద్రంలో పొద్దుటి నుంచి నెట్ లేదు. కంప్యూటర్లో రైతు పేరు ఎక్కితేనే కాంటా వేస్తారు. మేం వెళ్లేసరికి ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలిచి ఉన్నాయి. కుప్పల మీద పరదాలు కప్పి, రైతులు మొగులు వంక చూస్తున్నారు. పడమటి దిక్కు నల్లగా కమ్ముకొస్తోంది.

లోపల ల్యాప్‌టాప్ ముందు రాజీ కూర్చుని ఉంది. పక్క తండా పిల్ల, డిగ్రీ చదివింది, ఆ సీజన్‌కే ఆపరేటర్‌గా చేరింది. తెర మీద వైఫై గుర్తు నొక్కుతుంది, అది ఆన్ కాదు, మళ్లీ నొక్కుతుంది. నొక్కీ నొక్కీ ఆ పిల్ల కళ్లు ఎర్రబడిపోయాయి. గోడ వారన ఇస్త్రీ చొక్కా వేసుకున్న యువకుడు ఒకడు, ఆ కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని నిలబడి ఉన్నాడు. కేంద్రం నడిపే సొసైటీ సెక్రటరీకి బామ్మర్ది కొడుకు. సెక్రటరీ గారు మమ్మల్ని గుమ్మంలోనే పట్టుకున్నారు.

"దానియేలూ, డబ్బా మంచిగనే ఉన్నది. నా ఫోన్ల నెట్ వస్తున్నది. ఈ పిల్లనే ఏదో నొక్కి మిషిన్ ఖరాబు చేసింది. నువ్వు గదే మాట మీ సార్‌తోని చెప్పు. ఈమెను ఇయ్యాల్నే తీసేస్త. మనోడు రెడీగున్నడు."

"నేనేం ఖరాబు చెయ్యలేదు సార్," అంది రాజీ. తల దించలేదు. "పొద్దున నేను తెరిచినప్పటి సంది గిట్లనే ఉన్నది."

"అన్నీ గిట్లనే అంటరు!"

దానియేలన్న ఆయన మాట వినలేదు. "రేడియో చూసిన్రా?" అన్నాడు. సెక్రటరీ ఇస్త్రీ చొక్కా వంక చూశారు. "రేడియో చూడకుండ మనిషిని తీసేస్తరా సార్? జర బయటుండున్రి. రాజీ, పో బిడ్డా, చాయ్ పట్టుకరా."

గది ఖాళీ అయింది. ప్రింటర్ ఆ బల్ల మీదే ఉండటం వల్ల నేను మాత్రం పక్కనే ఉండిపోయాను. అన్న వంగి చూశాడు. ఆవగింజ లైటు కనపడలేదు. అది ఉండాల్సిన చోట పసుపు పూత, దాని మీద ఇంత మందాన కుంకుమ బొట్టు ఉన్నాయి. పక్కన స్విచ్ సందులోనూ పసుపు మెత్తింది. గోటితో గీకి, స్విచ్ అటు జరిపాడు. బొట్టు కిందినుంచి నీలం లైటు వెలిగింది. రేడియోను ఎవరో చేత్తోనే పడుకోబెట్టి, పైన బొట్టు కూడా పెట్టారు.

సంగతి అడగకుండానే తెలిసింది. కిటికీ దగ్గర పెంటమ్మవ్వ అనే ముసలామె నిలబడి లోపలికి చూస్తోంది.

"కొడుకా, గా బొట్టు నేనే పెట్టిన," అంది పెంటమ్మవ్వ. "నిన్న సెంటర్ సురువు చేసిన్రు. కొబ్బరికాయ కొట్టి కాంటకు పూజ చేసిన్రు. మొదటి కుప్ప నాదేనని సెక్రటరీ నాతోని మిషిన్‌కు గూడ బొట్టు పెట్టమన్నడు. ఆడ చిన్న దీపమోలె ఎలుగుతున్నది. గదే దాని నొసలనుకున్న. దుమ్మున్నదని కొంగుతోని గట్టిగ తుడిచి పెట్టిన. నాతోనే ఏమన్న ఆగిందా బిడ్డా? వానొస్తే గింతమంది వడ్లు తడుస్తయి. నన్ను ఊళ్లె ఉండనిస్తరా?"

కొంగుతో తుడిచినప్పుడే స్విచ్ జరిగింది. పూజ అయ్యాక ప్రసాదం తిని అందరూ ఇళ్లకు పోయారు. పొద్దున రాజీ వచ్చి తెరిచేసరికి, ఆగిపోయిందని చెప్పే లైటు బొట్టు కింద ఉంది. ఆ పిల్లకు ఎట్లా తెలుస్తుంది?

"నీతోని ఏం ఆగలే అవ్వా," అన్నాడు అన్న. "గంత మంచి జాగ చూసి ఎవరన్న బొట్టు పెడ్తరా? పోయి నీ కుప్ప కాడ కూసో. ఈ ముచ్చట ఎవరితోని అనకు."

రాజీ చాయ్ తెచ్చేసరికి నెట్ వచ్చింది. ఆమె వెనకే సెక్రటరీ, ఆయన వెనకే ఇస్త్రీ చొక్కా, ఆ వెనక సగం మంది రైతులు గదిలోకి దూరారు.

"ఏమైంది?" అన్నారు సెక్రటరీ.

"రేడియో పడుకున్నది. లేపిన."

"ఎవరు పండవెట్టిన్రు?"

"చాయ్‌ల అల్లం జర ఎక్కువేసిన్రు."

"దానియేలూ! నాకు పేరు గావాలె. రాజీ ఆపిందా, లేదా? ఆమె కాకుంటె ఇంకెవరు? అందరి ముందట చెప్పు."

కిటికీ అవతల పెంటమ్మవ్వ ఇంకా కుప్ప దగ్గరికి పోలేదు. ఆమె నోరు తెరవబోతుండటం నేను చూశాను, అన్న కూడా చూశాడు. చటుక్కున ఛాతీ విరిచి నిలబడ్డాడు.

"నేనే ఆపిన," అన్నాడు.

"నువ్వా? నువ్వు గిప్పుడు గదా వచ్చినవ్!"

"పోయిన నెల మిషిన్ చూడనీకి వచ్చిన గదా. గప్పుడే స్విచ్ సగం జరిపి మర్చిపోయిన. అది నిమ్మళంగ జరుక్కుంట జరుక్కుంట ఇయ్యాల ఆగింది. ఈ పిల్ల తప్పు లేదు. పేరు గావాలంటె నా పేరు రాసుకోన్రి."

నెల రోజులు నడిచే స్విచ్ ప్రపంచంలో ఎక్కడా ఉండదు. సెక్రటరీ మాత్రం ఊరుకుంటారా? జనగామలో ఉండే మా సూపర్‌వైజర్ శామ్యూల్ సార్‌కు అక్కడికక్కడే ఫోన్ కలిపి, అందరూ వినేట్టు స్పీకర్ పెట్టారు. జరిగింది చెప్పారు. తర్వాత సార్ గొంతు పెద్దగా వినపడింది.

"మల్ల నువ్వేనా దానియేలూ? పోయిన వారం భూపాలపల్లిల ఎవరాపిండ్రంటె నువ్వే అన్నవ్. దసరా ముందట స్టేషన్ ఘన్‌పూర్లనూ నువ్వే. మహబూబాబాద్ల ఆ పిల్లగాడు నీళ్లు ఒలకవోసిన మిషిన్ గూడ నువ్వే తడిపినవంటివి! ఏందయ్యా, మూడు జిల్లాల తిరుక్కుంట అన్ని స్విచ్‌లు నువ్వే ఆపుకుంట పోతున్నవా?"

రైతులు నవ్వారు. దానియేలన్న మాత్రం ఫోన్ దగ్గరికి వంగి, ఒక్కో మాటా ఒత్తి పలుకుతూ జవాబు చెప్పాడు.

"అవు సార్. మూడు జిల్లాల స్విచ్‌లు నేనే ఆపుతున్న. ఇంక ముందట గూడ నేనే ఆపుత."

"అయితే మెమో ఇస్త!"

"ఇయ్యున్రి సార్!"

ఫోన్ పెట్టేశారు. నాకు అప్పుడు గానీ బుర్ర వెలగలేదు. ఇన్నాళ్లూ చాయ్ కోసం పంపించింది ఎందుకో, నన్ను ప్రింటర్ వైపు తిప్పింది ఎందుకో అర్థమైంది. స్విచ్ ఆగి ఉన్న సంగతి ఆయన తప్ప ఇంకొకరు చూడకూడదు. చూస్తే అది ఎవరి వేలో వెతుకుతారు. ఆ వేలు ఎప్పుడూ రాజీ లాంటి వాళ్లదే అవుతుంది, ఒక్క మాటతో తీసేయగలిగిన వాళ్లది. ఇన్నేళ్లు వెనక కూర్చోబెట్టుకుని తిప్పిన మనిషి మీద నాకు ఆ క్షణంలో పుట్టిన ప్రేమ ఇంతా అంతా కాదు.

సెక్రటరీ గారికి మాత్రం తృప్తి కలగలేదు. "ఆయనేదో కథ చెప్తుండు. నాకు మాత్రం ఈ పిల్ల మీదనే డౌటు. లే రాజీ, కుర్చీల నుంచి లే," అన్నారు. ఇస్త్రీ చొక్కా అడుగు ముందుకు వేశాడు.

"కూసో బిడ్డా, లేవకు," అని కిటికీలోంచి కేక వినిపించింది. పెంటమ్మవ్వ జనాన్ని తోసుకుంటూ లోపలికి వచ్చింది. "సెక్రటరీ! నిన్న గా మిషిన్‌ను కొంగుతోని తుడిచి బొట్టు పెట్టిన చెయ్యి నాది. పెట్టమన్న నోరు నీది. ఇగ రాసుకో, ఎవరి పేరు రాస్తవో!"

వెనకనుంచి ఒక రైతు, "ముందుగాల నోరు పేరు రాయాలె, తర్వాత చెయ్యి పేరు," అన్నాడు. ఇంకొకడు, "నిన్న కొబ్బరికాయ కొట్టింది గూడ సెక్రటరీ సారే," అని గుర్తు చేశాడు. పైన రేకుల మీద మొదటి చినుకులు పడ్డాయి. సెక్రటరీ గారు ఆ చినుకుల వంక, రైతుల వంక, బొట్టు పెట్టిన ల్యాప్‌టాప్ వంక చూశారు.

"ఎవరిదీ తప్పు లేదు," అన్నారు చివరికి. "కాంటా ఎక్కియ్యున్రి, జల్ది!"

రాజీ పెంటమ్మవ్వ పేరు మొదట కొట్టింది. ఆ వాన నాలుగు చినుకులు రాల్చి తప్పుకుంది. ఇస్త్రీ చొక్కా ఎప్పుడు వెళ్లిపోయాడో ఎవరూ చూడలేదు.

వచ్చేటప్పుడు బండి మీద దానియేలన్న నా డ్రైవింగుకు ఒక్క వంకా పెట్టలేదు. మురిసిపోతున్నాడేమో అనుకుని అద్దంలో చూస్తే ముఖం మాడ్చుకుని ఉన్నాడు.

"ఏందన్నా, గెలిచినం గదా?"

"ఏం గెలుపు తమ్మీ! నేను గంత కష్టపడి ఒక మంచి అబద్ధం కట్టిన. అవ్వ వచ్చి నిజం చెప్పి ఖరాబు చేసింది."

"నిజం చెప్పబట్టే గదన్నా రాజీ నౌకరి నిలవడ్డది?"

"ఇయ్యాల నిలవడ్డది. రేపు ఇంకో ఊళ్లె గంత ధైర్యమున్న అవ్వ ఉంటదా? భయపడ్డోడు ఫోన్ చెయ్యడు తమ్మీ. చెయ్యకుండ సర్వర్ డౌనని బోర్డు పెడ్తడు. గప్పుడు పరేషాన్ అయ్యేది లైన్ల నిలవడ్డోళ్లు. తప్పు నాదంటె నన్నేం చేస్తరు? తిడ్తరు. పడ్త. నాకేం కొత్త?"

మెమో కోసం మేం రోజూ ఎదురుచూశాం. అది రాకముందే జనగామ ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. శామ్యూల్ సార్ టేబుల్ మీద ల్యాప్‌టాప్‌కు నెట్ రావట్లేదు. మేం వెళ్లేసరికి సార్ చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నారు. పక్కన స్టాఫంతా నిలబడి ఉన్నారు. ఇది కొత్త ల్యాప్‌టాప్. దీనికి అంచున స్విచ్ ఉండదు, పై వరసలో విమానం బొమ్మ ఉన్న మీట ఒకటి నొక్కితే రేడియో ఆగిపోతుంది. ఆ మీట మీద బిస్కెట్ పొడి కనిపిస్తోంది. ప్లేటు సార్ ముందే ఉంది.

దానియేలన్న వంగి చూశాడు. మీట నొక్కాడు. నెట్ వచ్చింది. లేచి నిలబడి, స్టాఫందరి వైపూ తిరిగి, గొంతు సవరించుకున్నాడు.

"నేనే ఆపిన సార్," అన్నాడు.

శామ్యూల్ సార్ ఆయన వంక చాలాసేపు చూశారు. "దానియేలూ, ఈ ల్యాప్‌టాప్ నిన్న మాపటికి వచ్చింది. నువ్వు ఈ రూంల అడుగు పెట్టింది ఇప్పుడు. ఎప్పుడాపినవయ్యా?"

అన్న రెప్ప వేయలేదు. "అలవాటయింది సార్," అన్నాడు.

సార్ నవ్వు ఆపుకోలేక బిస్కెట్ల ప్లేటు మా వైపు జరిపారు. మెమో సంగతి ఆ రోజు ఆయన ఎత్తలేదు, తర్వాత కూడా ఎత్తలేదు.